పది నిమిషాల డెలివరీ: సేవ ఎలా ఉంది, ఆ వేగానికి ఖర్చు ఎవరిది

హైదరాబాద్‌లో కొత్తిమీర కట్ట నుంచి ఫోన్ ఛార్జర్ దాకా పది, పదిహేను నిమిషాల్లో గుమ్మం ముందుకు వస్తున్నాయి. బ్లింకిట్, జెప్టో, స్విగ్గీ ఇన్‌స్టామార్ట్ అని పేర్లు వేరైనా నడిచే పద్ధతి దాదాపు ఒకటే. అందుకే ఇక్కడ సమీక్షిస్తున్నది ఏదో ఒక కంపెనీని కాదు, ఈ సేవనే. సరుకు నాణ్యత, ధర, వేగం గురించి చెప్పాక, మామూలు సమీక్షలు ముట్టుకోని సంగతికి వద్దాం. ఈ సేవలో ఎవరు దేనికి యజమాని, ఎవరు ఏం అమ్ముకుంటున్నారు, కూలి ఇచ్చాక శ్రమలోంచి మిగిలే విలువ, అంటే మిగులు, ఎటు పోతోంది? దీన్ని విప్పి చూడటానికి కార్ల్ మార్క్స్ 1867లో అచ్చువేసిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం ఇప్పటికీ పదునైన పనిముట్టే. అందులో పీసు రేటు కూలి, అంటే చేసిన ముక్కకు ఇంత అని ఇచ్చే కూలి, మీద రాసిన చిన్న అధ్యాయం చదివితే రైడర్ల రేట్ కార్డు సగం అర్థమైపోతుంది.

ముందు సేవ నడిచే తీరు. డార్క్ స్టోర్ అంటే కొనేవాళ్లు అడుగుపెట్టని దుకాణం. కాలనీల మధ్య రెండున్నర వేల నుంచి నాలుగు వేల చదరపు అడుగుల జాగా, ఇనుప అరలు, ఫ్రీజర్లు, వేల రకాల సరుకు. ప్రతి అరకూ ఒక నంబరు ఉంటుంది. ఆర్డర్ పడగానే పికర్ (అరల్లోంచి సరుకు తీసే మనిషి) చేతిలో ఉన్న ఫోన్ మీద ఏ వరుస, ఏ అర, ఎన్ని అన్నది వస్తుంది. తీసి, స్కాన్ చేసి, సంచిలో వేసి కౌంటర్ మీద పెట్టాలి. ఏడెనిమిది వస్తువుల ఆర్డర్‌కు రెండు నిమిషాలు పడుతుంది. బయట బండ్ల మీద కూర్చున్న రైడర్లలో ఒకరి ఫోన్ మోగుతుంది. స్టోర్ నుంచి ఇల్లు రెండు కిలోమీటర్లనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా ఆరు నిమిషాల్లో చేరొచ్చు. రెండు నిమిషాల పికింగ్, సంచి అందుకోవడానికి ఒక నిమిషం, దారిలో ఆరు నిమిషాలు. మొత్తం తొమ్మిది.

కంపెనీలు ఎప్పుడూ చెప్పే వాదన ఇదే: మేం ఎవరినీ పరుగులు పెట్టించడం లేదు, స్టోర్‌ను మీ ఇంటికి దగ్గరగా తెచ్చాం, అంతే. ఈ లెక్క తప్పేమీ కాదు గానీ సగం లెక్కే. ఆర్డర్ పడిన క్షణానికి పికర్ చేయి ఖాళీగా ఉండాలి, గేటు బయట కనీసం ఒక రైడర్ ఖాళీగా ఉండాలి. అలా ఉండాలంటే రోజులో చాలాసేపు అవసరానికి మించిన మంది అక్కడ కూర్చుని ఉండాలి. వచ్చే ఆర్డర్లకు సరిపడా మందినే పెడితే, ఒకేసారి నాలుగు ఆర్డర్లు పడ్డప్పుడు చివరివాడికి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అంటే వేగం పుట్టేది బండి యాక్సిలరేటర్‌లో కాదు, రైడర్ల ఖాళీ కూర్చోవడంలో. ఆ కూర్చున్న సేపటికి పీసు రేటులో పైసా రాదు. కొనేవాడు ఆదా చేసుకున్న పావుగంట, రైడర్ స్టోర్ బయట పోగొట్టుకున్న పావుగంటే. ఈ సేవను మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా దీన్ని పక్కనపెట్టి మాట్లాడలేం.

కొనేవాళ్ల వైపు నుంచి

పాలు, పెరుగు, బ్రెడ్, గుడ్లు, బిస్కెట్లు, సబ్బులు, చిన్నపిల్లల డైపర్లు, సాధారణ మందుబిళ్లలు వంటి వాటికి సేవ బాగుంది. ఊరికి కొత్తగా వచ్చి అద్దెకున్నవాళ్లకు, బయటికి కదలలేని పెద్దవాళ్లకు, చంటిపిల్లలున్న ఇళ్లకు ఇది నిజంగా పనికొస్తుంది. ఆకుకూరలు మాత్రం సాయంత్రానికి వాడిపోయి వస్తాయి, ఉదయం తొమ్మిదిలోపు తెప్పించుకుంటే నయం. ఐస్‌క్రీం చల్లటి సంచిలో పెట్టకపోయినా, ఒకే రైడర్‌కు రెండు ఆర్డర్లు కలిపి ఇచ్చినప్పుడు మీది రెండోదైనా కరిగిపోతుంది. మే నెలలో ఇది మరీ ఎక్కువ.

గడువు తేదీ చూసుకోవాలి. ఆహార వస్తువులు ఇంటికి చేరేసరికి వాటి నిల్వకాలంలో కనీసం 30 శాతం గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండాలని ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పింది. తక్కువ ఉంటే ప్యాకెట్ ఫొటో తీసి అదే రోజు ఫిర్యాదు పెట్టండి. ఫిర్యాదు పికింగ్ గురించా, డెలివరీ గురించా అన్నది సరిగ్గా ఎంచుకోవాలి. స్టోర్‌లో జరిగిన పొరపాటుకు రైడర్‌కు ఒక స్టార్ ఇస్తే శిక్ష అతనికి పడుతుంది.

ధర దగ్గర మోసపోయేది చిన్న ఆర్డర్లలో. 120 రూపాయల సరుకు మీద డెలివరీకి 25, హ్యాండ్లింగ్‌కు 10, చిన్న బుట్ట రుసుము 20 పడ్డాయనుకోండి. సరుకు విలువలో దాదాపు 46 శాతం అదనంగా కట్టినట్టు. వాన పడితే, రద్దీ వేళైతే ఇంకో వరుస చేరుతుంది. ఈ రుసుములన్నీ రైడర్‌కు పోతాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. రైడర్‌కు వచ్చేది వేరే రేట్ కార్డు ప్రకారం, ఆ కార్డుకూ మీ బిల్లులోని వరుసలకూ నేరుగా సంబంధం లేదు. నెల సరుకు మొత్తం దీని మీద పెట్టుకోవడం దండగ. బియ్యం, పప్పులు, నూనె వీధిలోని కిరాణా కొట్టులోనో పెద్ద దుకాణంలోనో తీసుకుని, అత్యవసరానికే దీన్ని వాడటం తెలివైన పని.

రైడర్ వైపు నుంచి: పీసు రేటు

రైడర్ జీతగాడు కాదు, ‘డెలివరీ పార్ట్‌నర్’ అన్నది ఒప్పందంలో రాసుకున్న మాట. బండి అతనిదే, పెట్రోలు అతనిదే, ఫోనూ డేటా అతనివే. కంపెనీ ఇచ్చేది ఆర్డర్‌కు ఇంత అనే రేటు. దాని మీద దూరాన్ని బట్టి కొంత, రోజులో ఇన్ని ఆర్డర్లు దాటితే ఇన్సెంటివ్, వాన పడితే కొంత.

ఇది కొత్త ఆవిష్కరణేమీ కాదు. పీసు రేటు అంటే గంట కూలికే ఇంకో వేషమని మార్క్స్ తేల్చాడు. సగటు కార్మికుడు గంటకు ఎన్ని ముక్కలు చేస్తాడో యజమానికి తెలుసు. గంటకు ఎంత ఇవ్వాలనుకుంటున్నాడో దాన్ని ఆ ముక్కలతో భాగిస్తే రేటు వస్తుంది. పని వేగం పెరిగి గంటకు ఎక్కువ ముక్కలు తయారైతే రేటు కోసేస్తాడు. ఇందులో యజమానికి ఇంకో రెండు లాభాలున్నాయి. కూలి రూపమే కాపలా కాస్తుంది కాబట్టి మేస్త్రీ అక్కర్లేదు. పనిగంటలు పెంచుకోవడం కార్మికుడికే అవసరంగా కనిపిస్తుంది కాబట్టి బలవంతమూ అక్కర్లేదు.

2023 ఏప్రిల్‌లో ఢిల్లీ పరిసరాల్లో బ్లింకిట్ రైడర్లు సమ్మెకు దిగింది ఈ కోత మీదే. ఆర్డర్‌కు కనీసం 25 రూపాయలున్న రేటు 15కు దిగి, దానిపై దూరం లెక్క వచ్చింది. స్టోర్లు దగ్గరపడ్డాయి, ఆర్డర్లు చిక్కబడ్డాయి, గంటకు చేయగలిగే డెలివరీలు పెరిగాయి. ఆ పెరుగుదల రైడర్ జేబులోకి పోకుండా రేటు పడిపోయింది. సమ్మె రోజుల్లో చాలా స్టోర్లు మూతపడ్డాయి. పెట్టుబడి ఎంత పెద్దదైనా బండి మీద మనిషి లేకపోతే సరుకు అరలోంచి కదలదని అప్పుడు అందరికీ కనబడింది.

నికర ఆదాయం ఎలా కట్టాలో చాలామంది రైడర్లకు ఎవరూ చెప్పరు. యాప్‌లో కనబడే మొత్తమే సంపాదన అనుకుంటారు. ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. లాగిన్ పది గంటలు. ఇరవై రెండు ఆర్డర్లు, సగటున 34 రూపాయలు, అంటే 748. ఇన్సెంటివ్ 200. యాప్ మీద 948. ఆర్డర్‌కు రానూపోనూ నాలుగు కిలోమీటర్లు, ఇంటి నుంచి స్టోర్‌కు వచ్చిపోయేది పన్నెండు. మొత్తం వంద కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండికి, పెట్రోలు లీటరు 107 రూపాయల లెక్కన 238 అవుతుంది. ఇంజన్ ఆయిల్, టైర్లు, బ్రేక్ షూలు, చైన్ సెట్ కలిపి కిలోమీటరుకు 70 పైసలు వేస్తే ఇంకో 70. ఫోన్ డేటాకు పది. బండి ఈఎంఐ నెలకు మూడు వేలు, ఇరవై ఆరు పనిరోజులకు పంచితే రోజుకు 115. ఖర్చు మొత్తం 433. చేతిలో మిగిలింది 515. పది గంటలతో భాగిస్తే గంటకు యాభై ఒక రూపాయిన్నర. ఈఎంఐ తీరిపోయినా 63 దాటదు. పంక్చరు, చలానా, ఒళ్లు బాగోలేని రోజు ఇందులో లేవు.

ఈ లెక్క వేయడంలో సాధారణంగా జరిగే తప్పులు మూడు. లాగిన్ గంటలకు బదులు ఆర్డర్ మీద ఉన్న గంటలతో భాగించడం మొదటిది. వెనక్కి ఖాళీగా వచ్చే దూరాన్ని వదిలేయడం రెండోది, రేట్ కార్డు ఎక్కువగా వెళ్లే దూరాన్నే చూస్తుంది కాబట్టి. బండి అరుగుదలను ఖర్చుగా చూడకపోవడం అన్నిటికన్నా పెద్దది, ఎందుకంటే ఆ ఖర్చు రోజూ కనబడదు, ఏడాదిన్నర తర్వాత ఇంజన్ పని రూపంలో ఒకేసారి మీదపడుతుంది. మార్క్స్ భాషలో చెప్పాలంటే బండి, ఫోన్ స్థిర పెట్టుబడి. వాటి విలువ కొంచెం కొంచెంగా సేవలోకి వెళ్లిపోతుంది. ఫ్యాక్టరీలో ఆ అరుగుదలను యజమాని తన పుస్తకంలో రాసుకుని ధరలోంచి తిరిగి రాబట్టుకుంటాడు. ఇక్కడ దాన్ని రైడర్ తన కూలిలోంచి కట్టుకుంటున్నాడు.

కంపెనీ వైపు నుంచి వచ్చిన అంకె ఒకటి బయట ఉంది. 2025లో, బ్లింకిట్‌ను కొన్న ఫుడ్ డెలివరీ సంస్థ జొమాటో డెలివరీ పార్ట్‌నర్ల సగటు ఆదాయం, టిప్పులు కాకుండా, గంటకు 102 రూపాయలని ఆ సంస్థ వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ 2026 జనవరి మొదట్లో ప్రకటించారు. అది ఫుడ్ డెలివరీ అంకె, అదీ పెట్రోలు ఖర్చు తీయక ముందుది. ఆయనే చెప్పిన ఇంకో అంకె ఇంకా ముఖ్యం: సగటు పార్ట్‌నర్ ఏడాదిలో పనిచేసింది 38 రోజులు. ఇది ఖాళీ దొరికినప్పుడు చేసుకునే పని అనడానికి కంపెనీ దాన్ని సాక్ష్యంగా చూపింది. అదే అంకెను ఇంకోలా చదవచ్చు. వచ్చినవాళ్లు నిలబడటం లేదు, పోయినవాళ్ల చోటు ఖాళీగా ఉండటమూ లేదు. పని కోసం ఎదురుచూసే జనం ఎప్పుడూ తలుపు బయట నిలబడి ఉండటాన్ని మార్క్స్ పారిశ్రామిక రిజర్వు సైన్యం అన్నాడు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి నగరానికి వచ్చే కుర్రాళ్లున్నంత కాలం, డిగ్రీ చేతిలో పెట్టుకుని పోటీ పరీక్షల నోటిఫికేషన్ల కోసం చూసేవాళ్లున్నంత కాలం, రేటు ఐదు రూపాయలు తగ్గించినా ఐడీలు (యాప్‌లో పనిచేయడానికి రైడర్‌కు ఇచ్చే ఖాతాలు) నిండుతూనే ఉంటాయి.

నిజామాబాద్ బీడీ నుంచి యాప్ దాకా

పీసు రేటు తెలంగాణకు కొత్త కాదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఆడవాళ్లు తరతరాలుగా వెయ్యి బీడీలకు ఇంత అని చుడుతున్నారు. ఆకు, తంబాకు కంపెనీ నుంచి వస్తాయి, పని ఇంట్లో జరుగుతుంది, మధ్యలో కాంట్రాక్టరు ఉంటాడు, బాగోలేవని కొన్ని బీడీలు తీసిపారేస్తాడు. ఇంట్లో చేసుకునే పని, ఎప్పుడైనా చేసుకోవచ్చు, పైన మేస్త్రీ లేడు. ఈ రోజు యాప్ కంపెనీలు చెప్పే స్వేచ్ఛ కబుర్లన్నీ అప్పట్లో బీడీ యజమానులూ చెప్పారు. అయినా 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో చుట్టేవాళ్లు కూడా దాని పరిధిలోకి వచ్చారు. మంగళూరు గణేశ్ బీడీ కేసులో 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. పీఎఫ్ వచ్చింది, సంక్షేమ నిధి వచ్చింది, తెలంగాణ ఏర్పడ్డాక ఆసరా పింఛను జాబితాలో బీడీ కార్మికులు చేరారు.

అందుకే ‘ముక్కకు ఇంత అని ఇస్తున్నాం కాబట్టి వీళ్లు ఉద్యోగులు కారు’ అన్న వాదన ఇక్కడ నిలవదు. ముక్కల లెక్కన కూలి తీసుకునేవాళ్లను కార్మికులుగా గుర్తించి ఈ దేశ చట్టానికి అరవై ఏళ్లవుతోంది. బీడీ చుట్టే తల్లికి పీఎఫ్ నంబరుండి, అదే ఇంట్లో నుంచి హైదరాబాద్‌కు వచ్చి బండి నడిపే కొడుక్కి ఏదీ లేకపోవడం సాంకేతిక పురోగతి ఎంతమాత్రం కాదు, హక్కుల్లో వెనకడుగు.

ఎవరు ఏ వర్గం

వర్గం అనగానే చాలామంది ఆదాయం పట్టీ తీసి పేద, మధ్యతరగతి, ధనిక అని గీతలు గీస్తారు. మార్క్స్ అడిగే ప్రశ్న వేరు: ఉత్పత్తి సాధనాలతో నీ సంబంధం ఏమిటి? ఇలా అడిగితే ఈ సేవలోని మనుషులు వేరే వరుసలో నిలబడతారు.

రైడర్‌కు బండి ఉంది కదా, అతను చిన్న యజమానే కదా అన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. బండి ఒక్కదానితో ఈ వ్యాపారం చేయలేడు. ఆర్డర్లు ఎవరికి పడాలో నిర్ణయించే ప్రోగ్రాం, కొనేవాళ్ల సమాచారం, డార్క్ స్టోర్, బ్రాండు. ఈ సేవకు అసలు ఉత్పత్తి సాధనాలు ఇవి. ఐడీ బ్లాక్ అయిన మరుక్షణం ఆ బండి ఇంటి ముందు నిలబడ్డ ఇనుము, ఈఎంఐ మాత్రం నడుస్తూనే ఉంటుంది. కూలివాడు రెండు అర్థాల్లో స్వతంత్రుడని మార్క్స్ రాసింది ఇలాంటివాడి గురించే. తన శ్రమశక్తిని ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ అతనికుంది, అమ్ముకోకుండా బతికించే ఆస్తి ఏదీ అతనికి లేదు.

వీధి చివరి కిరాణా కొట్టు యజమాని పెటీ బూర్జువా, అంటే చిన్న ఆస్తిపరుడు. తన గల్లా, తన సరుకు, తన కుటుంబ శ్రమ. అతన్ని ఈ సేవ రెండు వైపులా నొక్కుతోంది: అమ్మకాలు తగ్గుతాయి, కొట్లో ఉండే కుర్రాడు రైడర్‌గా వెళ్లిపోతాడు. స్టోర్‌లో పికర్లు ఎక్కువగా మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీల ద్వారా వస్తారు. షిఫ్టంతా నిలబడి గంటకు ఇన్ని వస్తువులు అన్న లక్ష్యంతో పనిచేస్తారు. ఆ ఏజెన్సీ తీసుకునే వాటా, జాగా యజమాని అద్దె, బ్యాంకుల వడ్డీ ఇవన్నీ ఒకే అదనపు విలువలోంచి, అంటే ముందు చెప్పిన మిగులులోంచి, పంచుకునే ముక్కలు.

ఆర్డర్ పెట్టే మనిషి సంగతేమిటి? గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నెలకు లక్ష తీసుకున్నా శ్రమశక్తి అమ్ముకునే మనిషే. నోటీసు పీరియడ్, అప్రైజల్, ఉద్యోగం పోతుందన్న భయం అతనికీ ఉన్నాయి. రైడర్‌ను దోచుకుంటున్నది అతను కాదు. అయితే యాప్ అతని చేతిలో ఐదు స్టార్లు పెట్టి మేస్త్రీ ఉద్యోగం ఇచ్చింది, జీతం లేకుండా. ఆలస్యమైందని నొక్కిన ఒక్క స్టారు ఇంకో కార్మికుడి తర్వాతి ఆర్డర్లను నిర్ణయిస్తుంది. కూలి మీద బతికే ఇద్దరిలో ఒకణ్ని ఇంకొకడి మీద కాపలా పెట్టడం ఈ సేవలో నాకు అన్నిటికన్నా అసహ్యం కలిగించే అంశం. స్క్రీన్ మీద అవతలి మనిషి మ్యాపులో జరిగే బండి బొమ్మగానే కనబడతాడు. మనుషుల మధ్య సంబంధం వస్తువుల మధ్య సంబంధంలా కనబడటం అని మార్క్స్ చెప్పింది ఇంత అచ్చంగా ఇంకెక్కడా చూడం.

మార్క్స్ ఒక్కడితో ఇక్కడి చిత్రం పూర్తికాదు. గేటెడ్ కమ్యూనిటీల్లో డెలివరీవాళ్లు ఫలానా లిఫ్టే వాడాలని పెట్టే బోర్డుల వెనక ఉన్నది వర్గం ఒక్కటే కాదు. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు. ఆడవాళ్లు రైడర్లుగా తక్కువగా ఎందుకున్నారన్న ప్రశ్నకు రాత్రి వేళలు, స్టోర్ల దగ్గర మరుగుదొడ్డి లేకపోవడం, ఇంటి పని మూడూ కలిపి జవాబు చెప్పాలి.

రెండు అభ్యంతరాలు

ఈ కంపెనీలే నష్టాల్లో ఉంటే దోపిడీ ఎక్కడిది అని అడుగుతుంటారు. కంపెనీ పుస్తకంలో లాభం లేకపోవడం, కార్మికుడి నుంచి మిగులు తీయకపోవడం ఒకటి కాదు. తీసిన మిగులు డిస్కౌంటుగా కొనేవాడికి, అద్దెగా జాగా యజమానికి, ప్రకటనలకు, కొత్త స్టోర్లకు పోవచ్చు. మార్కెట్ మొత్తం చేజిక్కించుకునేదాకా పెట్టుబడిదారులు నష్టాన్ని భరిస్తారు, వాళ్ల ఆస్తి షేరు ధరలో పెరుగుతుంది. నష్టాల్లో ఉన్న బ్లింకిట్‌ను 2022లో జొమాటో 4,447 కోట్ల రూపాయల విలువైన షేర్లిచ్చి కొన్నది.

రెండో అభ్యంతరం మార్క్స్ చదివినవాళ్ల నుంచే వస్తుంది: సరుకు చేతులు మారడం, అంటే చలామణి, విలువను సృష్టించదు కదా, డెలివరీ శ్రమ ఉత్పాదకం (కొత్త విలువ చేర్చేది) ఎలా అవుతుంది? కొనడం, అమ్మడం, బిల్లు రాయడం కొత్త విలువ చేర్చవన్నది నిజమే. రవాణా మాత్రం వేరు. వస్తువు ఉన్నచోటు మార్చడం కూడా దాని ఉపయోగ విలువకు అవసరమైన పనేనని, రవాణా ఉత్పత్తిలో కొనసాగింపేనని ‘పెట్టుబడి’ రెండో సంపుటంలో స్పష్టంగా ఉంది. రైడర్ శ్రమ ఈ కోవలోకి వస్తుంది.

చట్టం ఎక్కడిదాకా వచ్చింది

2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి చెప్పాక బ్లింకిట్ ‘పది నిమిషాలు’ అన్న నినాదాన్ని ప్రకటనల్లోంచి తీసేసింది. మంచిదే. రేట్ కార్డు, ఇన్సెంటివ్ మెట్లు, బయట కూర్చునే రైడర్ల వరుస మాత్రం అలాగే ఉన్నాయి కాబట్టి సేవలో మార్పు వచ్చిందని చెప్పలేను.

రాజస్థాన్ 2023లో దేశంలో మొదటిసారి గిగ్ కార్మికుల (ఇలా యాప్‌ల ద్వారా పని తీసుకునేవాళ్ల) సంక్షేమ చట్టం చేసింది. కర్ణాటక 2025లో ప్రతి లావాదేవీలో కార్మికుడికి చెల్లించే మొత్తం మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము పెట్టింది. ఒప్పందం షరతులు మార్చాలన్నా, ఐడీ తీసేయాలన్నా 14 రోజుల ముందు చెప్పాలని అందులో ఉంది, ఇది చాలా విలువైన క్లాజు. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు బయటపెట్టింది. కేంద్రం చేసిన సామాజిక భద్రత కోడ్, 2020 కంపెనీ టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమానికి ఇవ్వాలంటుంది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. వీటన్నిటిలోనూ ఉన్న లోటు ఒక్కటే: సంక్షేమం మాట్లాడతాయి, కూలి మాట్లాడవు.

కూలి మాట్లాడిన చోట్లు వేరే ఉన్నాయి. ఊబర్ డ్రైవర్లు యాప్‌లో లాగిన్ అయి రైడ్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న సేపంతా పనిలో ఉన్నట్టేనని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. న్యూయార్క్ నగరం 2023 డిసెంబరులో ఫుడ్ డెలివరీ రైడర్లకు గంటకు 17.96 డాలర్ల కనీస చెల్లింపు అమలు చేసింది, 2025 ఏప్రిల్‌కు అది 21.44 అయింది. ఎదురుచూసిన సమయం కూడా అందులో లెక్క. ఆ నిబంధన రాగానే కంపెనీలు ఒకేసారి లాగిన్ అయ్యేవాళ్ల సంఖ్యను కోశాయి, టిప్ అడిగే చోటును చెల్లింపు తర్వాతకు జరిపాయి. నిరీక్షణకు ధర పడగానే దాన్ని పొదుపుగా వాడటం మొదలుపెట్టారు. అంతకుముందు అది వాళ్లకు ఉచితంగా దొరికిన సరుకు కాబట్టే గోదాములో నింపినట్టు నింపుకున్నారు.

నా మార్కులు

కొనేవాడి అవసరాల కోణంలో ఐదుకు నాలుగు ఇస్తాను. శ్రమ కోణంలో ఒకటి, అదీ వారం వారం డబ్బు ఖాతాలో పడుతున్నందుకు. మూడు మార్పులు జరిగితే మూడున్నర ఇవ్వడానికి అభ్యంతరం లేదు: లాగిన్ అయిన నిమిషం నుంచి కనీస గంట కూలి, రానూపోనూ దూరానికి కిలోమీటరు చొప్పున బండి ఖర్చు విడిగా, ఐడీ ఆపే ముందు కారణం రాతపూర్వకంగా చెప్పి మనిషి వినే అప్పీలు. ఇలా చేస్తే ఆర్డర్ పది నిమిషాలకు బదులు ఇరవైకి వస్తుంది, డెలివరీ రుసుము పెరుగుతుంది. పెరగనివ్వండి, దాని నిజమైన ధర అదే.

అప్పటిదాకా ఆర్డర్ పెట్టేవాళ్లు చేయగలిగినవి: మ్యాపులో పిన్ గేటు మీద సరిగ్గా పెట్టండి, బ్లాకు, అంతస్తు రాయండి, సెక్యూరిటీ అనుమతి ముందే ఇవ్వండి. రైడర్‌కు నిమిషాలు పోయేది రోడ్డు మీదే కాదు, గేటు దగ్గర కూడా. రెండు చిన్న ఆర్డర్లకు బదులు ఒకటి పెట్టడం మీ జేబుకు లాభమే గానీ రైడర్‌కు ఒక ముక్క తగ్గినట్టే, కాబట్టి బరువైన ఆర్డర్‌కు టిప్ ఇవ్వండి. వాళ్ల సమ్మె రోజున ఆర్డర్ పెట్టకండి. అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో లిఫ్టు బోర్డు తీయించండి.

రైడర్లు అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో ప్లాట్‌ఫాం కార్మికుడిగా నమోదై పన్నెండు అంకెల నంబరు తీసుకోవాలి. 2025 బడ్జెట్‌లో ప్రకటించిన ఆయుష్మాన్ భారత్ వైద్యం దానికే ముడిపడి ఉంది. ప్రమాద బీమా చాలా పాలసీల్లో ఆర్డర్ మీద ఉన్నప్పుడే వర్తిస్తుంది. ఇంటి నుంచి స్టోర్‌కు వచ్చే దారిలో పడితే రాదు, ఈ తేడా ముందే అడిగి తెలుసుకోండి. ప్రమాదం జరిగితే ఆర్డర్ నంబరు కనబడే స్క్రీన్ ఫొటో, ఎఫ్ఐఆర్ ప్రతి, ఆసుపత్రి బిల్లుల అసలు కాగితాలు మూడూ కావాలి. ఐడీ హోల్డ్‌లో పడితే పాత ఆర్డర్లు యాప్‌లో కనబడవు, అందుకే వారం వారం చెల్లింపు పట్టీని ఫోన్‌లో కాక వేరేచోట దాచుకోండి. కేంద్ర కోడ్ ప్రయోజనాలకు ఒకే కంపెనీలో ఏడాదికి 90 రోజులు, రెండు మూడు కంపెనీలు కలిపితే 120 రోజులు పని చూపించాలని 2025 డిసెంబరు ముసాయిదా నిబంధనల్లో ఉంది. సగటు పార్ట్‌నర్ 38 రోజులే పనిచేస్తాడని చెప్పిన రంగంలో ఈ గీత చాలామందిని బయటే నిలబెడుతుంది. రెండు యాప్‌లు నడిపేవాళ్లు రెండింటి రోజుల్నీ తేదీలతో సహా రాసిపెట్టుకోవాలి, ఒక్క ఆర్డర్ చేసిన రోజును కూడా వదలకుండా.